మందూ మెతుకూ

క్షయ రోగికి యాంటీబయాటిక్ మందులతోబాటు యాంటీ ఆక్సిడెంట్లు కూడా ఇవ్వాలా, అక్కర్లేదా అన్నది వైద్యులు తేల్చవలసిన ప్రశ్న. వైద్యుణ్ణి కాని నేను అందులో వేలు పెట్టటం కొందరికి అధికప్రసంగంగా కనిపించవచ్చు. అయితే ఈ ప్రశ్నలో వైద్యశాస్త్రానికి లోపల వున్న భాగం ఎంతో, వెలుపల వున్న భాగమూ అంతే. ఒక మాత్ర పక్కన ఇంకొక మాత్ర పెట్టేటప్పుడు దాని ఖరీదు ఎవరు ఇస్తారు, దేన్ని మానుకుని ఇస్తారు, కొనమని చెప్పినవాడికి అందులో బాధ్యత ఎంత, ఇవి ప్రయోగశాలలో తేలే సంగతులు కావు.

పైగా ఈ విషయంలో నేను గట్టున నిలబడి చూసినవాణ్ణి కాను. 2014లో మా తమ్ముడికి క్షయ వచ్చింది. వాడు గుంటూరు దగ్గర పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. మా మరదలు మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది. ఇద్దరు పిల్లలు, ఒకటే గది. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇచ్చింది. ఆ రోజుల్లో వాటిని వారానికి మూడుసార్లు కార్యకర్త ఎదుట మింగాలి. తమ్ముడు మింగాడు. మొదటి రెండు నెలలూ వాంతులు, తిండి సహించకపోవటం, మూత్రం ఎర్రగా రావటం చూసి బెదిరిపోయాడు గాని మానలేదు.

నేను బళ్ళో సైన్సు చెప్పేవాణ్ణి. చదివినవాణ్ణి గనక ఇంట్లో నా మాటకు విలువ. అంతకు ముందు సంవత్సరమే ఒక వార్త చదివాను: విటమిన్ సీ క్షయ క్రిమిని చంపేస్తుందని అమెరికాలో కనిపెట్టారట. ఆ వార్త నిజమే, దాని సంగతి ముందు చెబుతాను. అది నా బుర్రలో వుంది. మందులషాపులో అడిగితే విటమిన్ సీ, ఇ, జింకు, సెలీనియం అన్నీ కలిసిన క్యాప్సూళ్ళ సీసా చేతికిచ్చారు. మొదటి సీసా నేనే కొన్నాను. తరవాత కూడా మానవద్దని మరదలితో గట్టిగా చెప్పాను. నెలకు నాలుగువందల యాభై రూపాయలు. ఆమె ఆరునెలలూ కొన్నది. ఎక్కణ్ణుంచి తెచ్చి కొన్నదని నేను అడగలేదు. ఆ రోజుల్లో గుడ్డు సుమారు నాలుగు రూపాయలు. నెలకు నూట పది గుడ్లు.

తమ్ముడికి నయమైంది. 2015 చివర్లో మరదలికి దగ్గు మొదలైంది.

ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టగానే పాఠకులు ఒక నిర్ణయానికి వచ్చేస్తారని నాకు తెలుసు. తొందరపడవద్దని మనవి. నేను కూడా చాలాకాలం తొందరపడ్డాను, ముందు ఒకవైపుకు, తరవాత రెండోవైపుకు.

ముందు ఈ పదార్థాల సంగతి. క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లోకి పోగానే దాన్ని మింగే కణాలు మన ఒంట్లో వున్నాయి. మింగిన క్రిమిని అవి ఆక్సిజన్ నుంచి పుట్టే తీక్ష్ణమైన పదార్థాలతో కాల్చటానికి చూస్తాయి. ఆ మంటలో క్రిమి ఒక్కటే కాలదు, చుట్టుపక్కల ఊపిరితిత్తి కూడా కాలుతుంది. క్షయ రోగుల రక్తంలో ఈ దహనపు గుర్తులు ఎక్కువగానూ, దాన్ని అదుపులో పెట్టే విటమిన్ సీ, విటమిన్ ఇ వంటివి తక్కువగానూ వుంటాయని అనేక పరీక్షల్లో తేలింది. ఇక్కణ్ణుంచి ఒక్క అడుగు వేస్తే చికిత్స దొరికినట్టే వుంటుంది: తక్కువైనదాన్ని తెచ్చి పొయ్యి, సరిపోతుంది. కాని రోగి ఒంట్లో తక్కువైనది రోగానికి కారణమా, రోగానికి ఫలితమా, లేక ఆ రెంటికీ వెనక నిలబడ్డ మూడోదాని నీడా? ఆ మూడోదాని పేరు ఆకలి. దానికి క్యాప్సూలు లేదు.

అసలు యాంటీ ఆక్సిడెంటు అన్న పేరే మనిషిని మోసం చేస్తుంది. 2013లో న్యూయార్కులో విలియం జాకబ్స్ బృందం వెల్లడించిన పరిశోధనే నేను వార్తగా చదివింది. వాళ్ళు మొదట వెతికింది విటమిన్ సీ గురించి కాదు. ఐసోనియాజిడ్ మందుకు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం జతచేస్తే పరీక్షనాళికలోని క్రిములు ఒక్కటి మిగలకుండా చచ్చాయి. సిస్టీన్ ఆక్సిడేషన్‌కు ఎదురు పనిచేసే జాతిది గనక, ఆ జాతిదే అయిన విటమిన్ సీని కూడా వేసి చూశారు. మందు లేకుండా విటమిన్ సీ ఒక్కటే క్రిమిని చంపింది, మందులకు లొంగని క్రిములను కూడా. ఎలా చంపింది? ఇక్కడ వుంది తమాషా. అది క్రిమిలోని ఇనుముతో కలిసి ఆక్సిజన్ నుంచి విషపు కణాలను పుట్టించి చంపింది. అంటే మంటలార్పే పదార్థమని పేరు పడ్డది అక్కడ నిప్పు పెట్టింది. పేరునుబట్టి పదార్థం నడవదు, పరిస్థితులనుబట్టి నడుస్తుంది. ఇది మన పత్రికల్లో ఎన్నోసార్లు చెప్పుకున్న మాటే, సీసా కొనేనాడు మాత్రం గుర్తు రాలేదు.

ఇంకొక తిరకాసు కూడా వుంది. ఐసోనియాజిడ్ తనంతట తాను క్రిమికి విషం కాదు. క్రిమి దగ్గర ఒక ఎంజైము వుంది. మన కణాలు విసిరే ఆక్సిజన్ దెబ్బలనుంచి కాచుకోవటానికి అది పెట్టుకున్న డాలు. ఐసోనియాజిడ్‌ను విషంగా మార్చేది సరిగ్గా ఆ ఎంజైమే. మందు పనిచెయ్యటంలోనే ఇంత ఆక్సిడేషన్ రసాయనం వున్నప్పుడు, మధ్యలో మనం పోసే పదార్థం రోగిని కాపాడుతుందా క్రిమిని కాపాడుతుందా అన్నది కూచున్నచోట ఊహించి చెప్పగలిగింది కాదు. పరీక్షించి చూడాలి.

పరీక్షలు జరగలేదని కాదు. 2018లో అదే బృందం ఎలుకల మీద చూస్తే విటమిన్ సీ ఒక్కటే ఇచ్చినప్పుడు ఏ ప్రభావమూ లేదు, మందులకు జోడిస్తే మాత్రం క్రిములు కొంచెం త్వరగా తగ్గాయి. ఎలుక తనకు కావలసిన విటమిన్ సీని తానే తయారు చేసుకుంటుంది, మనిషి చేసుకోలేడు. ఇక పరీక్షనాళికలో క్రిమిని చంపిన సాంద్రత నోటితో ఎన్ని మాత్రలు మింగినా రక్తంలోకి రాదు. పేగులు కొంతవరకే పీల్చుకుంటాయి, మిగిలింది మూత్రపిండాలు తోడిపోస్తాయి. మా తమ్ముడు ఆరునెలలు మింగినదాంట్లో ఎక్కువభాగం గుంటూరు మురుగుకాలవలో కలిసి వుండాలి.

మరొక పదార్థం ఎన్-అసిటైల్ సిస్టీన్. పారసిటమాల్ అతిగా మింగినవాళ్ళ కాలేయాన్ని కాపాడటానికి వైద్యులు ఎంతోకాలంగా వాడుతున్నదే. క్షయ మందుల్లో మూడు, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, కాలేయాన్ని దెబ్బతియ్యగలవు. దీన్ని జోడిస్తే కాలేయం నిలుస్తుందేమో, ఊపిరితిత్తులకు కూడా మేలేమో అన్న ఆలోచన న్యాయమైనదే. కేప్‌టౌన్‌లో క్షయ మందులవల్ల కాలేయం దెబ్బతిన్న రోగులకు దీన్ని నరంలోకి ఎక్కించి చూసి 2021లో ఫలితాలు ప్రకటించారు. కాలేయం కోలుకునే కాలం తగ్గలేదు, ఆసుపత్రిలో వుండే రోజులు మాత్రం తగ్గాయి. సగం తీపి, సగం చేదు. పరిశోధన సాగుతున్నది, సాగవలసిందే. విటమిన్లనూ ఖనిజాలనూ రోజువారీ అవసరానికి మించి క్షయ రోగులందరికీ ఇవ్వటంవల్ల మేలున్నదనటానికి నమ్మదగిన సాక్ష్యం లేదని 2016లో కాక్రేన్ సంస్థవారి సమీక్ష తేల్చింది. మేలు లేదని రుజువైందని దాని అర్థం కాదు, మేలున్నదని రుజువు కాలేదని మాత్రమే.

మందు పక్కన విటమిన్ పెట్టటమే మూఢత్వమని కూడా ఎవరూ అనుకోరాదు. ఐసోనియాజిడ్ కొందరికి, ముఖ్యంగా బక్కచిక్కిన రోగులకు, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కించి మంటలు పుట్టిస్తుంది. చిన్న మోతాదు విటమిన్ బీ6 దాన్ని ఆపుతుందని 1960ల్లో మద్రాసులోనే పరీక్షించి చూపించారు. అది విటమిన్ గనక నెగ్గలేదు, మందును నిలబెట్టిన బోనులోనే దాన్నీ నిలబెట్టి ప్రశ్నించారు గనక నెగ్గింది.

మద్రాసు పేరెత్తాను గనక అసలు కథకు వస్తాను. ఈ ప్రశ్నకు మూలం అక్కడుంది.

క్షయకు మందు లేని కాలంలో తిండే మందు. 1840ల్లో లండన్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో కాడ్ చేపనూనె పట్టేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వంటి శానిటోరియంలలో మంచిగాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇవే చికిత్స. 1933లో అమెరికాలో గినీపందులకు క్షయ కళ్ళె తినిపించి చూశారు. గినీపంది కూడా మనలాగే విటమిన్ సీని తయారుచేసుకోలేని జంతువు. విటమిన్ సీ చాలినంత దొరికినవాటిలో కొద్దింటికే పేగుల్లో క్షయ పుట్టింది, చాలనివాటిలో ఎక్కువభాగానికి పుట్టింది. కాని అప్పటికి వ్యాధి పాతుకుపోయిన మనిషిని తిండి ఒక్కటే బతికించిన సందర్భాలు తక్కువ. శానిటోరియం మంచం దొరికిన అదృష్టవంతులు మాత్రం ఎందరు? 1946లో భోర్ కమిటీ అంచనా ప్రకారం దేశంలో ఏటా అయిదు లక్షలమంది క్షయతో చనిపోతుండగా మంచాలు సుమారు ఆరువేలు.

స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. 1952 నాటికి ఐసోనియాజిడ్ వాడకంలోకి వచ్చింది. అది కారుచవక. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టి ఒక సాహసమైన ప్రశ్న వేశారు: మురికివాడలో, ఇరుకు గదిలో, అర్ధాకలితో వుండే రోగికి ఇంటిదగ్గరే మందులిస్తే చాలదా? సగంమందిని శానిటోరియంలో చేర్చుకున్నారు, సగంమందిని ఇళ్ళలోనే వుంచారు. ఇద్దరికీ అవే మందులు, ఏడాదిపాటు. శానిటోరియం రోగికి మంచి తిండి, మంచం, నర్సు. ఇంట్లో రోగికి అవేమీ లేవు, వాళ్ళలో చాలామంది పనులు కూడా చేసుకున్నారు. 1959లో ఫలితం ప్రకటించారు. శానిటోరియం రోగులు ఎక్కువ బరువు పెరిగారు. వ్యాధి నయం కావటంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లోవాళ్ళకు అంటుకోవటం కూడా ఎక్కువ కాలేదు.

ఇది పేదవాడి పక్షాన వచ్చిన తీర్పు అనటానికి నాకు సంకోచం లేదు. మంచం దొరకనివాడు చావక్కర్లేదని అది ప్రపంచానికి చెప్పింది. ఆ తరవాత ప్రపంచమంతటా క్షయ చికిత్స ఆసుపత్రి గోడలు దాటి ఇళ్ళకు వచ్చింది. మద్రాసు నగరపు పేదల ఒళ్ళే ఆ జ్ఞానానికి పెట్టుబడి.

కాని ఒక సత్యం బయటికి వచ్చాక దాన్ని ఎవరు ఏ పనికి వాడుకుంటారన్నది ఆ సత్యం చేతిలో లేదు. మందు సరిగా పడితే తిండి బాగా లేకపోయినా క్రిమి చస్తుందని మద్రాసు పరీక్ష చెప్పింది. తిండి అక్కర్లేదని ప్రభుత్వాలు విన్నాయి. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఎంత దూరమున్నదో చూడండి. మొదటిది క్రిమిని గురించి, రెండోది మనిషిని గురించి. క్రిమి చచ్చిన తరవాత ఆ మనిషి మిల్లులో బేలు ఎత్తగలడా, మళ్ళీ జబ్బు తిరగబెట్టదా, అతని పక్కన పడుకునే భార్య ఒంట్లో ఇప్పటికే చేరి నిద్రపోతున్న క్రిమి లేవకుండా వుంటుందా, ఈ ప్రశ్నలు మద్రాసు పరీక్ష వెయ్యని ప్రశ్నలో, కొంతవరకే వేసినవో. వెయ్యని ప్రశ్నకు కూడా జవాబు వచ్చేసినట్టు ప్రవర్తించటం పాలకులకు చౌక. 1962లో జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. క్షయ రోగి తిండికని దేశమంతటా నెలకు ఇంత అని డబ్బు ఇవ్వటం 2018 ఏప్రిల్‌లోగాని మొదలు కాలేదు. మధ్యలో యాభై ఆరు సంవత్సరాలు.

ఆ ఖాళీలోకే మందులషాపు వచ్చింది. ప్రభుత్వం తిండి సంగతి ఎత్తకపోతే రోగి ఎత్తకుండా వుంటాడా? ఒళ్ళు శుష్కిస్తున్నదని వాడికి అద్దం చెబుతున్నది. బలానికి ఏం వాడాలి అని అడుగుతాడు. బలానికి తినవలసింది తినమంటే వాడి కూలి చెప్పే జవాబు వేరు. అప్పుడు ఆకలి అనే సామాజిక విషయాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనే రసాయన విషయంగా మార్చి సీసాలో పోసి అమ్మేవాడు దొరుకుతాడు. అమ్మేవాడొక్కడే చాలడు, చదువుకున్న బంధువు కూడా ఒకడు కావాలి. మా ఇంట్లో ఆ వేషం నేను వేశాను.

ఇక్కడ తరచు వినిపించే వాదన ఒకటుంది. విటమిన్లేగా, హాని లేదు కదా, ఇస్తే పోయిందేముంది? నేనూ అదే అనుకున్నాను. ఈ వాదన చేసేవాడి కళ్ళముందు రోగి ఒక్కడే వుంటాడు, ఇల్లు వుండదు. డబ్బున్నవాడి ఇంట్లో నాలుగువందల యాభై రూపాయల సీసా నిరపాయమైనదే కావచ్చు, అక్కడ దానికోసం ఏదీ మానుకోనక్కర్లేదు గనక. కూలివాడి ఇంట్లో అదే సీసా నూట పది గుడ్లను మింగి కూచుంటుంది. మందు తాలూకు హానిని దాని రసాయనంలోనే వెతకటం వైద్యుడికి సరిపోవచ్చు, నీతిని గురించి ఆలోచించేవాడికి చాలదు.

యుద్ధకాలపు సంగతి ఒకటి చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఖైదు శిబిరాల్లో బ్రిటిష్ సైనికులూ రష్యన్ సైనికులూ ఒకే శిబిరంలో వుండేవారు. ఇద్దరికీ ఒకే నాసిరకపు తిండి, ఒకే ఇరుకు. బ్రిటిష్‌వాళ్ళకు రెడ్‌క్రాస్ పొట్లాలు వచ్చేవి, రష్యన్లకు రాలేదు. తరవాత ఎక్స్‌రేలు తీసి చూస్తే రష్యన్లలో క్షయ బ్రిటిష్‌వాళ్ళకంటే ఎన్నో రెట్లు కనిపించింది. ఈ నివేదిక 1946లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంటే ఈ విషయం మద్రాసు పరీక్షకంటే ముందే తెలుసు. తెలిసి వుండటం వేరు, లెక్కలోకి తీసుకోవటం వేరు.

లెక్కలోకి తీసుకున్న పరీక్ష 2019లో ఝార్ఖండ్‌లో మొదలైంది. అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ, వాళ్ళ సహచరులూ నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులనూ, వాళ్ళ ఇళ్ళలోని పదివేల పైచిలుకు మనుషులనూ తీసుకున్నారు. రోగులందరికీ మందులతోబాటు నెలకు పది కిలోల సరుకులు, బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలూ ఇచ్చారు. సగం ఇళ్ళలో తక్కినవాళ్ళకు కూడా తలకు నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, మాత్రలు ఇచ్చారు. మిగిలిన సగంలో రోగికి మాత్రమే. 2023లో ఫలితం వచ్చింది. తిండి అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావటం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులకు వచ్చి పరీక్షలో క్రిమి కనిపించిన క్షయ 48 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్ళలో చావులు బాగా తక్కువగా వున్నాయి. అక్కడ ఇచ్చినవాటిలో మాత్రలు కూడా వున్నాయి గనక ఫలితమంతా బియ్యం పప్పులదే అని నేననను. మాత్ర మెతుకుకు తోడుగా వచ్చింది, మెతుకును వెళ్ళగొట్టి రాలేదు, అంతవరకే అంటాను.

ఈ పరీక్షను గురించి కూడా నీతి ప్రశ్న వేసినవారున్నారు. ఆకలితో వున్న సగం ఇళ్ళకు తిండి ఇవ్వకుండా ఎవరికి జబ్బు వస్తుందో చూడటం న్యాయమా అని. కఠినమైన ప్రశ్నే. అయితే ఆ సగం ఇళ్ళనుంచి పరిశోధకులు తిండి లాక్కోలేదు. రోగి వాటా అక్కడా ఇచ్చారు. తక్కినవాళ్ళ ఆకలి పరిశోధకులు రాకముందే అక్కడ వుంది, దేశంలో ఎవరూ దాన్ని కొలవలేదు. కొలిచినవాణ్ణి నేరస్థుణ్ణి చేసి కొలవనివాణ్ణి వదిలిపెట్టే నీతి నాకు రుచించదు. అయినా ఆ ఇళ్ళలో క్షయ వచ్చిన తల్లి ఎవరైనా వచ్చి నన్నెందుకు రెండో జాబితాలో రాశారని అడిగితే, చీటీ వేశామమ్మా అనటం తప్ప ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆమె చేత ఆ ప్రశ్న వేయించింది పరిశోధన కాదు, తిండికి శాస్త్రీయమైన రుజువు కోరే మన పరిస్థితి. తిండి పెట్టాలంటే 39 శాతమని నిరూపించాలట!

ఆ నివేదిక చదివిన రాత్రి నాకు మరదలి సీసాలు గుర్తుకొచ్చాయి.

ఇక్కడ నిజాయితీగా లెక్క వేసుకోవాలి. క్రిమి చేరినవాళ్ళందరికీ జబ్బు రాదు. జీవితం మొత్తంమీద నూటికి అయిదారుగురికో పదిమందికో వస్తుంది, పోషణ లేనివాళ్ళకు ఎక్కువగా వస్తుంది. తమ్ముడు మందులు మొదలుపెట్టకముందు దగ్గిన రెండు నెలల్లోనే ఆమెకు క్రిమి అంటి వుండాలి. అది లేవటానికి ఆమె తిండి తగ్గటం కారణమా? మిరపయార్డులో కోరు కారణమా? మొగుడి కూలి పోయి రెండు కూళ్ళు తానే మోయటం కారణమా? ఒక్క మనిషి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు వుండదు. పదివేలమందిలో 39 శాతమని చెప్పగల శాస్త్రం ఒక్క ఆడదాని విషయంలో నోరు మూసుకుంటుంది. ఆ మౌనాన్ని నాకు అనుకూలంగా వాడుకుందామా అనిపించింది. తేలనప్పుడు తప్పెక్కడిది అని.

వాడుకున్నాను కూడా, కొంతకాలం. ఇంకొక దారి మరీ సుఖమైనది, మనబోటివాళ్ళకు బాగా అలవాటైనది. తప్పంతా వ్యవస్థది అనటం. వ్యవస్థది కాదని నేననను. మిల్లు యజమాని మంచి కూలి ఇచ్చివుంటే, ఆనాడే ప్రభుత్వం ఇంటిల్లిపాదికీ తిండి ఇచ్చివుంటే, నా సీసా ఎవరి ముద్దనూ తీసేది కాదు. కాని వ్యవస్థ అనేది మా ఇంటికి వచ్చినప్పుడు నా చెప్పులు వేసుకుని వచ్చింది. మరదలితో కొనమన్న గొంతు నాది. కారణాలను సమాజంలో వెతకటం మనకు అలవడిన మంచి గుణం. ఆ గుణాన్ని సొంత చేతులు కడుక్కోవటానికి నీళ్ళలాగా వాడుకోవటం వేరే పని. మన విమర్శల్లో ఈ రెండో పని తక్కువేమీ జరగటం లేదు. అట్లాగని గుండెలు బాదుకుంటూ తప్పంతా నాదే అనటంలో కూడా ఒక మోసముంది. అలా అన్న మరుక్షణం మిల్లు యజమానీ, మందులషాపూ, యాభై ఆరేళ్ళ ప్రభుత్వాలూ హాయిగా తప్పుకుంటాయి.

నేను చేసిన తప్పు ఏమిటో ఇప్పుడు కాస్త స్పష్టంగా చెప్పగలను. సాక్ష్యం చాలని పదార్థాన్ని నమ్మటం కాదు. ఆశలో వున్న మనిషి నమ్ముతాడు, అందులో సిగ్గుపడవలసింది కొద్దిగానే వుంది. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తున్నదని అడగకపోవటం నా తప్పు. శాస్త్రం గురించి ఇంట్లో అంత గంభీరంగా మాట్లాడినవాణ్ణి, పొయ్యిమీద ఏముందో చూడలేదు.

2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన పోషణ సహాయాన్ని 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మంచిదే. కాని అది రోగి పేర వచ్చే డబ్బు. ఇంట్లోవాళ్ళ తిండి సంగతి నిక్షయ్ మిత్ర అనే పథకం కింద దాతలకు వదిలారు. దాత దొరికిన ఇంటికి సరుకుల బుట్ట వస్తుంది. 2023లో ప్రపంచపు క్షయ రోగుల్లో నాలుగోవంతుకు పైగా మన దేశంలోనే వున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమంది ఇళ్ళలోని వాళ్ళ అన్నం దాతల మనసు మీద ఆధారపడవలసిందేనా? మందును దానంగా ఇవ్వటం లేదు, అది రోగి హక్కు అని ఒప్పుకున్నాం. ఝార్ఖండ్ తరవాత కూడా అన్నం దానంగానే ఎందుకుండాలో నాకు అర్థం కాదు. ఎన్-అసిటైల్ సిస్టీన్‌కు సాక్ష్యం సంపూర్ణంగా దొరికిన రోజున దాన్ని కూడా మందుల్లో చేర్చి ఉచితంగా ఇస్తారు. పప్పుకు సాక్ష్యం దొరికి రెండేళ్ళు దాటింది.

మరదలికి నయమైంది. ఇప్పుడు ఆరోగ్యంగానే వుంది. 2023లో ఆ నివేదిక చదివాక నేను గుంటూరు వెళ్ళి ఆమెతో అంతా చెప్పాను. సీసా సంగతి, గుడ్ల లెక్క, ఝార్ఖండ్ సంగతి. చెప్పి ఏం ఆశించానో నాకే తెలియదు. ఆమె చాట పక్కన పెట్టి విన్నది.

"మీరు చెప్పకపోతే ఇంకెవరో చెప్పేవారు బావగారూ," అన్నది. తరవాత కాసేపు ఆగి, "అయినా ఆ డబ్బుతో గుడ్లు కొన్నా నేను తినేదాన్నా ఏమిటి? ఆయనకు పెట్టేదాన్ని. మిగిల్తే పిల్లలకు," అన్నది.

నూట పది గుడ్ల లెక్క వేసిన నాకు ఈ సంగతి తట్టలేదు. ఝార్ఖండ్‌లో బియ్యం ఇంటికి ఇంత అని కాకుండా తలకు ఇంత అని తూచి ఇచ్చారని ఆమెకు చెప్పాను. "ఆడవాళ్ళ తలకు కూడానా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె మళ్ళీ చాట దగ్గరికి లాక్కున్నది.